అక్క పేరు పెట్టిన పొర

మా బావకి తొందరెక్కువ. ఆయనా నేనూ ఒకే కేంద్రంలో పనిచేస్తాం. రేడియో తరంగాల్ని పైకి పంపి, అవి తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి వాతావరణం పైభాగాన ఉండే అయనోస్ఫియర్ పొరలు ఎంత ఎత్తున ఉన్నాయో లెక్కగడతాం. ఈమధ్య తెరమీద బావకి అదనంగా ఒక గీత కనిపించింది. కొత్త పొర కనిపెట్టానన్నాడు. అక్కడితో ఆగాడా? దానికి మా అక్క పేరు పెట్టేశాడు.

పెళ్ళిరోజు గుర్తుండని మనిషి అంత ఎత్తున తన పేరు పెడితే అక్కకి కాళ్ళు నేలమీద నిలుస్తాయా? మధ్యాహ్నం డైరెక్టర్ ముందు బావ ప్రసంగం. అక్క పొద్దున్నే తయారై వచ్చి మా గదిలో కూర్చుంది.

"చెప్పులు కొత్తవి, కరుస్తున్నాయండీ," అంది. బావ తన కాగితాల్లో ఉన్నాడు.

నాకేమో ఆ గీతమీద అనుమానం. బావని పక్క గదిలోకి లాక్కెళ్ళాను.

"కింది పొర నూట పది కిలోమీటర్లు. మీది రెండు వందల ఇరవై. సరిగ్గా రెట్టింపేమిటి బావగారూ?"

"నీకు కుళ్ళు," అన్నాడు.

"కుళ్ళుకోడానికి ముందు అదంటూ ఒకటుండాలిగా. రెండింటి కొలతలూ వరసగా పెట్టి చూడండి."

చూశాడు. కింది పొర అయిదు కిలోమీటర్లు జరిగినచోటల్లా ఆయన పొర పది జరిగింది. బావ ముఖంలో నెత్తురుచుక్క లేదు. కింది పొరకి తగిలి దిగిన తరంగమే నేలకి కొట్టుకుని, మళ్ళీ పైకెళ్ళి, రెండోసారి తిరిగొచ్చింది. రెట్టింపు సమయం పట్టింది కాబట్టి రెట్టింపు ఎత్తు చూపించింది. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్పే పాఠమిది. పేరు పెట్టే హడావిడిలో గాలికొదిలేశాడు.

ఆటపట్టిద్దామనుకున్నాను గాని జాలేసింది. ప్రసంగం ఆపడానికి ఒక్క ఫోను చాలు. అక్కకి చెప్పడమెలా?

"నువ్వు చెప్పు," అన్నాడు.

"పేరు పెట్టింది మీరు."

బావ వెళ్ళి, తలదించుకుని అంతా చెప్పాడు. అక్క ముఖం చిన్నబోయింది.

"అంటే, మొదట వచ్చింది రోజూ ఉండేదేగా అని వదిలేశారు. అదే రెండోసారి వస్తే కొత్తదనుకున్నారు. ఇంట్లో నా మాటలదీ అదే గతి. పేరు మార్చకండి, బాగానే కుదిరింది," అంది.

నేను నవ్వాను. బావ నవ్వలేదు. కింద కూర్చుని అక్క చెప్పులు విప్పాడు. మడమలు కందిపోయి ఉన్నాయి.

"మళ్ళీ చెప్పకముందే?" అంది అక్క.

"పొద్దున చెప్పావుగా," అన్నాడు బావ.