మూడేళ్లు నానిన చీటీ

దగ్గరికి జరగండర్రా, ఆ గోడవారగా కూర్చున్నవాళ్లు కూడా. ఇది పగ తీర్చుకున్న మనిషి కథ. ఇందులో కత్తులూ కర్రలూ ఉండవు. ఒక గుండుసూది, రెండు చీటీలు, అంతే.

ఒక పెద్ద హోటలు. దాని అడుగు అంతస్తులో బట్టలు ఉతికే విభాగం. అక్కడ ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే ఆవిణ్ణి అందరూ ఇస్త్రీ అక్క అనేవారు. ఆమె మడిచిన చొక్కాను విప్పి తొడుక్కోవాలంటే చేతులు రావట, అంత పొందిక.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. బట్ట పాడైతే, ఎవరివల్ల పాడైందో చీటీ రాసి, గుండుసూదితో గుచ్చి పైకి పంపాలి. పైనున్న మేనేజరమ్మకు ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు, కిందికి దిగే అలవాటూ లేదు. చీటీ ఏం చెబితే అదే తీర్పు.

ఒకరోజు అక్క భోజనానికి వెళ్లి వచ్చేసరికి గదంతా మాడు వాసన. బల్లమీద ఎవరో అతిథి పట్టు శాలువా, దాని నడుమ ఇస్త్రీ పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ. పట్టుకు పెట్టి వెళ్లిన వేడిని ఎవరో నూలుకు తిప్పేశారు. గదికి తాళం వేసే వెళ్లింది. రెండో తాళంచెవి సూపర్‌వైజరు దగ్గర మాత్రమే ఉంటుంది. ఆ పూట ఆయన ప్యాంటు మడతలు కొత్త కాగితంలా నిలబడి ఉండటం అక్క చూసింది. కానీ చీటీ రాసేది ఆయన, ఇంగ్లీషు వచ్చిందీ ఆయనకే. రాసి, సంతకం పెట్టమన్నాడు. పెట్టింది.

తర్వాత పక్క బల్ల పిల్ల చదివి చెప్పింది.

"చూశానని రాయలేదక్కా. 'మస్ట్' అని రాశాడు. నువ్వే కాల్చి ఉండాలి, ఇంకెవరూ అయి ఉండరు అని."

ఆ ఒక్క మాటతో అక్కను నానబెట్టే గదికి మార్చారు. మరకల బట్టల్ని ఘాటు మందునీళ్లలో నానబెట్టి చేత్తో రుద్దే గది అది. చేతొడుగులకు ఎడమ బొటనవేలి దగ్గర చిల్లు. కొత్తవి ఇప్పించమని అడిగినప్పుడల్లా సూపర్‌వైజరు ఈల వేసుకుంటూ, "మే బీ, వచ్చే నెల," అనేవాడు. ఆ వచ్చే నెల మూడేళ్లయినా రాలేదు. వేళ్లు పగిలి, అన్నం కలుపుకుంటే మంట. అక్క అంతా మనసులో పెట్టుకుంది.

ఇంతలో హోటలువాళ్లు పనివాళ్లకు మంగళవారాలు ఇంగ్లీషు పాఠాలు పెట్టారు. తోటివాళ్లు నవ్వారు, ఈ వయసులో నీకెందుకే అని. అక్క అందరికంటే ముందు వెళ్లి మొదటి వరసలో కూర్చుంది.

టీచరమ్మ ఒకరోజు మూతపెట్టిన రేకు డబ్బా తెచ్చి, లోపల ఏముందో చెప్పమంది. ఒకడు ఊపి తాళంచెవి అన్నాడు, ఇంకొకడు బిస్కెట్టు అన్నాడు. ఊరికే అనుకుంటే 'మైట్' అనండి, కావచ్చు కాకపోవచ్చు అని టీచరమ్మ చెప్పింది. అక్క డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుని, సబ్బే అయి ఉండాలి, 'మస్ట్' అంది. ఎలా తెలుసంటే, వాసన అంది. టీచరమ్మ మెచ్చుకుంది. చేతిలో ఆధారం ఉంటేనే ఆ మాట వాడాలి అంది. ఇక అన్ని దారులూ మూసుకుపోయి, జరగడానికి వీల్లేదని తేలితే 'కాంట్' అనాలి.

ఆధారం లేని ఆ మాట అక్క బతుకుమీద మూడేళ్లుగా గుచ్చి ఉంది. ఆ రోజునుంచి ఒక్క మంగళవారం మానలేదు.

కాచుకున్నదానికి ఫలితం దక్కింది. ఉతకబోయే ముందు జేబులు వెతికినవాళ్లు, ఆ మూటలో మొదటి బట్ట మెడపట్టీకి తమ రంగు దారంతో ఒక కుట్టు వేయాలి. అక్కది పసుపు, సూపర్‌వైజరుది ఆకుపచ్చ. ఒకరోజు మనుషులు తక్కువై యంత్రం దగ్గరికి అక్కను పిలిచారు, జేబులు ఆయనే చూశాడు. చూశాడంటే, ఫోనులో మాట్లాడుతూ తడిమాడు. అలా వంటవాళ్ల తెల్లకోట్లు ఇరవైనాలుగు యంత్రంలోకి వెళ్లి నీలంగా బయటికొచ్చాయి. అక్క తీసిన మొదటి కోటు జేబులో పగిలిన సిరా పెన్ను, మెడపట్టీకి ఆకుపచ్చ కుట్టు. బట్ట బయటికి తీసినవాళ్లే చీటీ రాయాలని కొత్త నియమం. రాయవలసింది అక్క.

మూడేళ్లుగా 'ఏయ్' అన్నవాడు ఆ మధ్యాహ్నం నానబెట్టే గది గుమ్మంలో నిలబడి, "అక్కా," అన్నాడు.

"ఆ కుట్టు పీకెయ్యక్కా. యంత్రం తప్పు కావచ్చు అని 'మైట్' పెట్టి రాసెయ్. నీకేం పోతుంది?"

అక్క చేతులు తుడుచుకుంది.

"ముందు నా పాత చీటీ తీసుకురండి."

పైన కాగితాల కట్టలోంచి వెతికి తెచ్చాడు. దాని కింద ఏం రాయాలో అక్క చెప్పింది. ఆ వేళ ఈమె భోజనానికి వెళ్లింది, గదికి తాళం వేసి ఉంది, రెండో తాళంచెవి నా దగ్గరే ఉంది, ఈమె కాల్చి ఉండడానికి వీల్లేదు, 'కాంట్' అని. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.

"నేను రాస్తే నువ్వు రాస్తావా?"

"ఐ మైట్," అంది అక్క.

ఆయన ముఖం విప్పారింది. పాత శాలువాను ఇప్పుడెవరు తవ్వుతారులే అనుకుని గబగబా రాసి సంతకం చేశాడు. అక్క దాన్ని మడిచి రవికెలో దోపుకుంది. తర్వాత కొత్త చీటీ తీసి, ఒక్కో అక్షరం ఒత్తి రాసింది. పెన్ను, కుట్టు, జేబులు చూసిన మనిషి. చివర 'మస్ట్'.

"ఇదేంటక్కా, మాటిచ్చావుగా?"

"రాయొచ్చన్నాను. రాస్తానన్నానా? మీ దగ్గరే నేర్చుకున్నా, మూడేళ్ల చేతొడుగుల దగ్గర."

రెండు చీటీలూ ఆ కోటుకే గుచ్చి, తానే మేడ ఎక్కి మేనేజరమ్మ ముందు పరిచింది. ఆమె పాత చీటీ రెండుసార్లు చదివి, మరి శాలువా ఎవరు కాల్చారని అడిగింది. అక్క రెండో తాళంచెవి మాట ఉన్న వరస మీద వేలు పెట్టింది.

మరుసటి వారానికి అక్క తన బల్ల దగ్గరుంది, చేతొడుగులు ఇప్పించే పనీ ఇప్పుడు ఆమెదే. సూపర్‌వైజరు నానబెట్టే గదిలో ఉన్నాడు. బొటనవేలు చూపిస్తూ వచ్చి, కొత్త చేతొడుగులు వస్తాయా అని అడిగాడట. అక్క చొక్కా చేతిని ఇటు తిప్పి అటు తిప్పి, మడత సరిగ్గా పడేదాకా తలెత్తలేదు.

"మే బీ," అంది.

జాలి పడిందా అంటే, పడలేదు. పడిందని చెప్పి నేను కథ తియ్యగా చెయ్యను. మీరూ చెయ్యకండి. ఇంకొకరికి చెప్పేటప్పుడు ఆ చేతొడుగుల చిల్లు మరిచిపోకుండా, ఎడమ బొటనవేలి దగ్గరేనని గుర్తుపెట్టుకుని చెప్పండి.