వెనక బెంచీ విద్యార్థిని

ఆయా బోర్డు తుడిచి, తడిగుడ్డ పిండి ఆరేసి, అలవాటుగా వెళ్లి వెనక బెంచీ మీద కూర్చుంది. టీచర్లను తయారుచేసే ఆ కాలేజీలో పాఠం చెప్పేదీ వినేదీ కాబోయే టీచర్లే. అన్నీ తెలిసినవాళ్లకు చెబితే ఏం లాభమని, తెలియని మనిషిగా ఆయాను కూర్చోబెట్టడం లెక్చరర్ మొదలుపెట్టాడు. భర్త పోయాక ఇక్కడ చీపురు పట్టిన కొత్తలో ఆమెకు అక్షరం ముక్క రాదు. అఆలు మొదలు గుండె కొట్టుకునే తీరు దాకా అన్నీ ఈ బెంచీ మీదే వంటబట్టాయి. జీతమిచ్చి మరీ చదువు చెబుతున్నారని ఆమె మురిసిపోయేది. అందుకే అర్థమైనా కాకపోయినా గంగిరెద్దులా తల ఊపేది. తను తెలీదంటే పాపం, పిల్లల మార్కులు పోతాయని ఆమె భయం.

ఆమె ఉద్యోగానికి ఇవాళే ఆఖరి రోజు. పాఠం చెబుతున్నది ఈ పరీక్ష ఇప్పటికే ఒకసారి తప్పిన అమ్మాయి. ఈసారీ తప్పితే టీచరవుదామన్న ఆశ వదులుకోవాల్సిందే. చంద్రుడు ఎందుకు తరిగి పెరుగుతాడో గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పి, "అర్థమైందా ఆయమ్మా?" అని అడిగింది.

ఆయా తల సగం ఊగి ఆగిపోయింది. రేపటి నుంచి తనకెవరు చెబుతారు?

"లేదమ్మా. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, ఎందుకలా అరిగిపోతాడో తెలీదు. మళ్లీ చెప్పవూ?"

అమ్మాయి మొహంలో నెత్తురుచుక్క లేదు. లెక్చరర్ పెన్ను తీశాడు. పిల్లదాని కొంప ముంచానని ఆయా నాలిక కరుచుకుంది.

అమ్మాయి పుస్తకం మూసేసింది. తినడానికి తెచ్చుకున్న నారింజకు ఒకవైపు సుద్ద పూసింది. ఆయాను గది మధ్య నిలబెట్టి, తెల్లవైపు ఎప్పుడూ కిటికీకేసే ఉండేలా పట్టుకుని ఆమె చుట్టూ తిరిగింది.

"మీరే భూమి. కిటికీ సూర్యుడు. నాతోపాటే తిరుగుతూ చూడండి."

ముందు తెలుపే కనిపించలేదు. తర్వాత సన్నటి నెలవంక వచ్చింది, సగమైంది, నిండింది.

"వీడి దుంపతెగ! అరగట్లేదమ్మా, మనకి కనబడట్లేదంతే!"

గదంతా గొల్లున నవ్వింది. లెక్చరర్ పాసు మార్కులేసి, "ముందు అప్పజెప్పినదానికైతే మళ్లీ తప్పేదానివే. ఇన్నేళ్లలో ఈవిడ తెలీదనడం ఇదే మొదటిసారి. నీ అదృష్టం అమ్మాయ్" అన్నాడు.

సాయంత్రం ఆ అమ్మాయి ఆమె చేతులు వదల్లేదు. "మీరు తల ఊపేసి ఉంటే నేనేమైపోయేదాన్నో!"

"ఇంతమంది నాకు చదువు చెప్పారు తల్లీ. ఎవరికని దణ్ణం పెట్టను?" అంది ఆయా, కళ్లు తుడుచుకుంటూ.

అందరూ వెళ్లాక గది శుభ్రంగా ఊడ్చి, తాళంచెవి ఆఫీసులో ఇచ్చి, గేటు దాటి వెళ్లిపోయింది. వెనక బెంచీ మీద, తెల్లవైపు కిటికీకి తిప్పి పెట్టిన నారింజ ఉంది.