మూడో సీసా

"ఆంటీ, ప్రెషర్ బనా క్యా?" అని సోనోగ్రఫీ గది తలుపు సందులోంచి అక్కడ పనిచేసే త్రివేణి నాలుగోసారి అడిగింది. ఉచ్చ వస్తోందా అని అడగడానికి ఈ రాయ్‌పూర్‌లో అంతకంటే మర్యాదైన మాట లేదు. లేదన్నట్టు తల ఊపాను. పిల్లకేమో మూడు నదుల పేరు. నాలో పిల్లకాలువైనా పారడం లేదు.

పొత్తికడుపు స్కానుకి మూత్రాశయం నిండుగా ఉండాలట. పొద్దున్న ఎనిమిదిన్నరకి ఈ బెంచీ మీద కూర్చున్నాను. ఇప్పుడు పదకొండున్నర. లీటరు సీసాలు రెండు అయిపోయి మూడోది సగానికి వచ్చింది. నా తర్వాత వచ్చినవాళ్ళు గటగటా తాగి, కాళ్ళు మెలేసుకుని, "జల్దీ కరో బహెన్" అని త్రివేణిని బతిమాలి, లోపలికి నడిచి, బయటికి పరుగెత్తి, ఇళ్ళకి పోయారు. నేనొక్కదాన్నే మిగిలాను. వరదేమో వస్తోంది, డ్యామేమో నిండడం లేదు.

నిజానికి ఉచ్చ ఆపుకునే విద్యలో నాది ఇరవై ఏళ్ళ సర్వీసు. ఊరి చివర ఉర్లాలో ఓ రేకుల ఫ్యాక్టరీలో గేటు పాసులు రాస్తాను. ఆడవాళ్ళం ఇద్దరమే. ఇద్దరి కోసం బాత్రూం గది ఏం కడతామమ్మా అన్నారు. అందుకని మే నెల ఎండలోనూ గుక్కెడు నీళ్ళతో ఇల్లు వదిలి, సాయంత్రం ఇంటికొచ్చాకే బాత్రూం మొహం చూస్తాను. పెళ్ళయిన కొత్తలో పూరీ వెళ్తుంటే మా ఆయన వీరేంద్ర, "మీ ఆడోళ్ళతో ఇదే గోల, గంటకోపాలి బస్సు ఆపాల" అని అందరూ వినేలా నవ్వాడు. ఆ రోజు నుంచి నేను బస్సు ఆపలేదు. నేనే ఆపుకున్నాను.

పన్నెండు రోజుల కిందట ఇదే ఆస్పత్రిలో నాకు గర్భసంచి తీశారు. పన్నెండు రోజుల తర్వాత స్కానుకి రమ్మని మూడోనాడు ఇంటికి పంపించారు. అప్పట్నుంచి మా అత్తయ్య దాలమ్మ గారి పథ్యం. పద్యంలాగే అదీ తప్పులు ఒప్పుకోదు. "కుట్లు మీద నీలు తాగితే సీము పడతాదే ఫణీ. మాయమ్మ పురిటప్పుడు మాకు పూటకి గుక్కెడే ఇచ్చీది. సచ్చిపోనామేటి?" అని టీ గ్లాసుతో కొలిచి పోసేది. దాహం నాకు అలవాటే కాబట్టి కష్టమనిపించలేదు. పైగా నాలాంటి కోడలు ఎవరికుంటుందని గర్వం కూడా. అత్తయ్య అదంతా ప్రేమతోనే చేసింది. చిక్కంతా అక్కడే. పగతో పోసిన గ్లాసైతే విసిరి కొట్టేదాన్ని.

ఐదోనాడు ఎడమ నడుము పక్కన నొప్పి మొదలైంది. "గ్యాసే. నాలుగు రొట్టెలు కాలిస్తే అదే పోతాది," అన్నాడు వీరేంద్ర. కాల్చాను. నొప్పి పోలేదు. మెడికల్ షాపు నుంచి నొప్పి బిళ్ళలు తెప్పించి పూటకొకటి మింగాను. బాత్రూంలో చుక్కలే పడుతుంటే, తాగితేగా వచ్చేది అనుకున్నాను. మొన్నట్నుంచి కాలి మెట్టెలు బిగుసుకుపోతే, ఎన్నాళ్ళకో ఒళ్ళు చేశానని నా మీద నేనే జోకు వేసుకున్నాను. నిన్న పొద్దున్నుంచి ఆ చుక్కలు కూడా లేవు. ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పను?

ఈ బెంచీ మీద మాత్రం ఆ సర్దుబాటు చెల్లడం లేదు. తాగలేదు కాబట్టి రావడం లేదు అనుకునే వీలు లేదిప్పుడు. రెండున్నర సీసాల నీళ్ళు నా లోపలికి వెళ్ళాయి. చుక్క బయటికి రాలేదు. మరి అవన్నీ ఎక్కడున్నాయి? జోకు కోసం వెతుక్కున్నాను. దొరకలేదు.

వీరేంద్ర టీ తాగి వచ్చాడు. "ఇంకా అవలేదా? రెండింటికి నాకు డ్యూటీ. ప్రెషర్ వచ్చిందని చెప్పీ యార్, ఎవలు చూడొచ్చారు? లేదంటే వచ్చేవారం వద్దాం. అమ్మ ఒక్కర్తే ఉంది, అన్నం ఎవలు వండుతారు?"

ఒక్క అబద్ధం. ఆస్పత్రిలో ఉన్న మూడు రోజులూ డాక్టర్లకి నేను చెప్పింది అబద్ధమే: "బాగుందండీ, అంతా బాగుంది." అలవాటైన మాట నాలిక మీదికి వచ్చేసింది కూడా. ఇంటికెళ్తే మళ్ళీ ఆ గ్లాసు, ఆ రొట్టెలు, ఆ నొప్పి. వారం. ఈ నీళ్ళన్నీ లోపలే పెట్టుకుని వారం.

లేచి తలుపు తోశాను. "బేటీ, నాకు ప్రెషర్ రాదు. నిన్న పొద్దున్నుంచి చుక్క రాలేదు," అన్నాను హిందీలో. త్రివేణి మొహంలో నవ్వు ఆరిపోయింది. అప్పుడే లోపలికొచ్చినామెను ఆగమని, నన్ను బల్ల ఎక్కించింది.

డాక్టరమ్మ చల్లటి జెల్లీ రాసి పొత్తికడుపు మీద పరికరం తిప్పింది. తెర మీద ఏమీ లేని చోట చాలాసేపు వెతికింది. ఎడమ పక్కకి జరిపింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. త్రివేణితో, "ఈమె హజ్బెండ్‌ని పిలువు," అంది.

జెల్లీ అంటిన ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ముందు నాకు చెప్పండి."

ఆమె తెర నా వైపు తిప్పింది. ఎడమ కిడ్నీలో నల్లగా చెరువులా ఉన్నది మూత్రమే. కిందికి దిగే నాళం ఆపరేషన్ కుట్లలో చిక్కుకుని ఉండొచ్చు. కుడిదీ సరిగా పనిచేస్తున్నట్టు లేదు. నీళ్ళు చాలకో, బిళ్ళల వల్లో, రక్తపరీక్షలో తేలాలి. ఇవాళే అడ్మిట్ అవ్వాలి, మూత్రం బయటికి రావడానికి ఇవాళే గొట్టం వెయ్యాలి, అంది.

"కిడ్నీలు బాగవుతాయా?"

"ఇవాళ వేస్తే, అవ్వొచ్చు."

బయటికొచ్చాను. వీరేంద్ర బండి తాళం వేలికి తిప్పుకుంటూ లేచాడు. "అయిందా? ఏటన్నాది, గ్యాసేనా? ఛలో, ఛలో."

మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాను.

"నాకు భయంగా ఉంది," అన్నాను. "ఇంటికి రాను."