ఆకాశం కనబడాలి

నేను ఒక శాటిలైట్ రేడియోని. పేరు ఘనంగా ఉంది కదా అని భయపడకండి, మనిషిని మాత్రం చిన్నదాన్నే. అరచేతిలో పట్టే నల్లటి పెట్టె, అందులో నీలం వెలుగు చిందే చిన్న తెర, ఆరు బటన్లు. నాకు తోడుగా సన్నటి తీగ చివర తమలపాకుల డబ్బీ అంత యాంటెన్నా. మామూలు రేడియోలు ఊళ్లో ఉన్న టవరు వైపు చెవి పెట్టి ఉంటాయి. నేనలా కాదు. భూమికి వేల మైళ్ల ఎత్తున వేలాడే ఉపగ్రహంతో నేరుగా మాట్లాడతాను. నాకూ దానికీ మధ్య ఏదీ అడ్డు రాకూడదు. మేడ వచ్చినా, చెట్టు వచ్చినా, రేకు ముక్క వచ్చినా నా నోరు మూతపడుతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. నా బతుకంతా దీని చుట్టూనే తిరిగింది.

ఏదో దూర దేశపు ఫ్యాక్టరీలో పుట్టాను. తెల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి నన్ను పరీక్షించి, పలికానని ముచ్చటపడి, మరుక్షణమే నన్ను మరిచిపోయి పక్కదాన్ని అందుకుంది. ఓడెక్కి విశాఖపట్నం వచ్చాను. డాబాగార్డెన్స్‌లో ఒక కొట్టు అద్దాల బీరువాలో నాలుగు నెలలు కూర్చున్నాను. వచ్చినవాళ్లంతా నన్ను చూసి "ఎంత బావుందో!" అనేవారు, పక్కనున్న టేప్ రికార్డరు కొనుక్కుని వెళ్లిపోయేవారు. మెచ్చుకునేది ఒకదాన్ని, ఇంటికి తీసుకెళ్లేది ఒకదాన్ని. మనుషుల తీరు నాకు అక్కడే అర్థమైంది.

చివరికి కాలేజీ లెక్చరర్లు నలుగురు వచ్చి నన్ను రంగుల కాగితంలో చుట్టించారు. వాళ్లతో కలిసి ఫిజిక్స్ చెప్పే నీరజకు పెళ్లి కానుకట. అలా నేనూ నీరజా ఒకే వారంలో, ఒకే ఇంటికి, కొత్తగా వచ్చాం. ఆమె మెట్టెల చప్పుడు ఆమెకే కొత్త. నడుస్తూ మధ్యలో ఆగి, మళ్లీ అడుగేసి, ఆ చప్పుడు విని తనలో తను నవ్వుకునేది. నాకు ఆ పిల్ల అప్పుడే నచ్చేసింది.

లాసన్స్ బే కాలనీలో ఇల్లు. నీరజ భర్త ఫణి, మామగారు సూర్యనారాయణ గారు, అత్తగారు సీతారత్నం గారు. నన్ను హాల్లో పెట్టి బటన్ నొక్కారు. నేను పలకలేదు. ఇంటికి దక్షిణాన ఐదంతస్తుల అపార్టుమెంటు నిలబడి నా ఆకాశాన్ని మింగేసింది. డాబా ఎక్కించారు, అక్కడ నీళ్ల ట్యాంకు అడ్డం. అందరూ నా వైపు జాలిగా చూశారు. నీరజ మాత్రం గేటు బయటికి చూసింది.

"మామయ్యగారూ, కారులో పెడదామా? కారైతే ఆకాశం ఉన్నచోటికి పోతుంది కదండీ."

ఫణి ఉలిక్కిపడి తండ్రి వైపు చూశాడు. ఎందుకంటే ఆ కారు మామూలు కారు కాదు. సూర్యనారాయణ గారు ముప్ఫై ఏళ్లు ఓడల ఏజెన్సీ నడిపి, రిటైరయ్యేటప్పుడు ముచ్చటపడి కొనుక్కున్న జర్మనీ కారు. నల్లగా, పొడుగ్గా, అద్దంలా మెరిసేది. లోపల తోలు సీట్లు, టేకు రంగు చెక్క పలకలు. ఆయన రోజూ పొద్దున్నే తనే స్వయంగా కడిగి, మూడు రకాల గుడ్డలతో తుడిచేవారు. ఎప్పుడైనా ఫణి సాయం పట్టి, ఒక గుడ్డతో తుడవాల్సిన చోట ఇంకో గుడ్డ వాడితే, తిన్న తిట్లకు అతనికి ఆ రోజు టిఫిను రుచించేది కాదు.

కోడలు మొదటిసారి అడిగిన కోరిక. కాదనలేక ఆయన ఒక షరతు పెట్టారు. "కారుకి ఒక్క రంధ్రం పడకూడదు. బయటికి ఏమీ కనబడకూడదు."

మస్తాన్ గారు వచ్చారు. ఊళ్లో పెద్ద కార్ల కరెంటు పని ఆయనదే. చెప్పులు విడిచి కారెక్కారు, అది చూసి సూర్యనారాయణ గారు కాస్త మెత్తబడ్డారు.

"సార్, మీరలా నెత్తి మీద నిలబడితే నా చెయ్యి వణుకుతుంది. పోయి కాఫీ తాగి రండి."

"నా కారు దగ్గర నేను నిలబడకూడదా?"

"ఆపరేషన్ గదిలోకి చుట్టాల్ని రానివ్వరు కదా సార్!"

ఆయన వెళ్లలేదు. రెండడుగులు మాత్రం వెనక్కి జరిగారు. మస్తాన్ గారు చెక్క పలకను పసిబిడ్డ దుప్పటి తీసినట్టు తీసి, గేరు ముందున్న ఖాళీలో నన్ను కూర్చోబెట్టి, కారు కరెంటు తీగ కలిపారు. కారుతో పాటు పుట్టిన క్యాసెట్ ప్లేయరు పైనుంచి నన్ను చూసి మూతి ముడుచుకుంది. యాంటెన్నాను వెనక సీటు వెనకాల, అద్దం కింద దాచారు. రంధ్రం లేదు, బయటికి కనబడేది లేదు. బీచ్ రోడ్డుకు తీసుకెళ్లి బటన్ నొక్కారు.

నేను పలకలేదు.

నా తెర మీద "సిగ్నల్ లేదు" అని వెలిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. చుట్టూ బోలెడంత ఆకాశం, అయినా నాకేమీ కనబడటం లేదు! మస్తాన్ గారు తీగలు విప్పి కలిపారు, కలిపి విప్పారు. నీరజ కారు దిగి, వెనక అద్దాన్ని వేలితో తట్టి, నిదానంగా నవ్వింది.

"మస్తాన్ గారూ, ఈ అద్దానికి ఎండ పడకుండా ఫిల్మ్ అంటించారు కదా. అది మెరుస్తోంది చూశారా? అందులో లోహం ఉంటుంది. పాపం రేడియో కళ్లకు గంతలు కట్టాం."

మస్తాన్ గారు నుదురు కొట్టుకున్నారు. "ముప్ఫై ఏళ్ల సర్వీసు అమ్మా నాది! మీ దగ్గర ఫస్టియర్‌లో చేరాలి."

యాంటెన్నాకు అడుగున అయస్కాంతం ఉంది. తీగను తలుపు రబ్బరు సందులోంచి పోనిచ్చి, దాన్ని కారు నెత్తిన, వెనక అంచున పెట్టారు. రంధ్రం లేదు కానీ బయటికి కనబడుతోంది. సూర్యనారాయణ గారు దాన్నే చూస్తూ నిలబడ్డారు. సరిగ్గా అప్పుడు నేను నోరు విప్పాను. సన్నాయి! జీర లేదు, గరగర లేదు. పక్క సీట్లో కూర్చుని ఊదుతున్నట్టే ఉంది. సముద్రం ఒకవైపు, నేను ఒకవైపు. ఆయన మొహం మెల్లగా వెలిగింది.

"నెత్తిన చిన్న టోపీ పెట్టుకున్నట్టుంది. పరవాలేదులే," అన్నారు.

ఆ రోజు నుంచి నా బతుకు వైభోగమే. ఉత్తరాది ఖవ్వాలీలు, ఊరూపేరూ తెలియని దేశాల డప్పులు, మన తెలుగు ఛానల్లో పాత పాటలు, నాటికలు. సాయంత్రం కాలేజీ నుంచి ఫణి తీసుకొచ్చేటప్పుడు నీరజ చెప్పులు విప్పి కాళ్లు పైకి పెట్టుకుని వినేది. "తోలు సీటు మీద కాళ్లా! నాన్నగారు చూస్తే ఇద్దరికీ విడాకులే," అనేవాడు ఫణి. కొత్త దంపతులు కారులో ఏమేం మాట్లాడుకుంటారో అన్నీ విన్నాను. అన్నీ చెప్పను.

ఒకటి మాత్రం చెప్పాలి. సీతారత్నం గారు ఇంట్లో మితభాషి. కారులో ఎప్పుడూ వెనక సీట్లో ఓ మూల కూర్చునేవారు, ముందు సీటు మగవాళ్లదన్నట్టు. కానీ ఆమె పాడతారు, ఈ సంగతి నీరజ కారులో చెబితే విన్నాను. వంటింట్లో గ్రైండరు తిరుగుతున్నంత సేపే పాడతారు. అది ఆగితే ఆమె ఆగిపోతారు. ఆ రొదలో ఎవరికీ వినబడదని ధైర్యం. ఒకనాడు కరెంటు పోయింది. గ్రైండరు ఆగింది. ఆమె చూసుకోలేదు, పాట ఆగలేదు. గుమ్మం దగ్గర నీరజ. చేతిలో పాఠాలు రికార్డు చేసుకునే చిన్న టేప్ రికార్డరు.

"మొత్తం ఎక్కిందండీ," అంది నీరజ ఆ సాయంత్రం, కళ్లు మిలమిలలాడిస్తూ. "పాట కూడా సొంతంగా కట్టుకున్నదే. మామయ్యగారి మీద!"

"నాన్నగారి మీదా? అమ్మా?" ఫణి బ్రేకు తొక్కాడు.

తెలుగు ఛానల్లో 'మా ఇంటి చప్పుళ్లు' అని ఒక కార్యక్రమం వచ్చేది. శ్రోతలు పంపిన టేపుల్లోంచి మంచివి వినిపించేవారు. నీరజ పంపించేసింది. జవాబు వచ్చింది. దసరా రోజు పదకొండు గంటలకు, ఒకే ఒక్కసారి వేస్తామని.

"అత్తయ్యగారికి కోపం వస్తుందా?" అని ఆ వారమంతా నీరజ అడుగుతూనే ఉంది. "చెప్పకుండా పంపాను. కానీ చెబితే వద్దంటారు. ఆవిడ గొంతు ఎంత బావుంటుందో ఆవిడకే తెలీదండీ. ఒక్కసారి ఆవిడ వినాలి. అంతే."

దసరా వచ్చింది. వాహన పూజ. కారుకు పసుపు రాసి బొట్లు పెట్టారు. గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. సీతారత్నం గారు పూర్ణా మార్కెట్ నుంచి పెద్ద దండ తెప్పించారు. చామంతుల మధ్య మధ్య వెండి రేకుల తళుకులు, చివర జరీ కుచ్చులు. దాన్ని బానెట్‌కు కట్టబోయి ఆగారు. మా కోడలు తెచ్చిన రేడియో కదా, ఇదే దాని తల కదా అనుకున్నారు కాబోలు, నా యాంటెన్నాకు ముచ్చటగా బొట్టు పెట్టి, ఆ దండంతా దాని చుట్టూ మూడు వరసలు తిప్పి, కదలకుండా కట్టేశారు.

ఇంత ప్రేమగా నా గొంతు ఎవరూ నొక్కలేదు.

పూజయ్యాక కారును అలా ఒక చుట్టు తిప్పి రావడం ఆనవాయితీ. నలుగురూ బీచ్ రోడ్డుకు బయలుదేరారు. ఆచారం ప్రకారం మొదటి ప్రయాణం సూర్యనారాయణ గారిదే, పక్కన ఫణి, వెనక అత్తాకోడళ్లు. పదకొండుకు పది నిమిషాలుందనగా ఫణి బటన్ నొక్కాడు. సిగ్నల్ లేదు. మళ్లీ నొక్కాడు. సిగ్నల్ లేదు. నేను లోపల్లోపల కొట్టుకుంటున్నాను. రేకులూ జరీ తడిపూలూ కలిసి నా చుట్టూ గోడ కట్టాయి. ఉపగ్రహం పిలుస్తోందని తెలుసు, వినబడటం లేదు!

నీరజకు క్షణంలో అర్థమైంది. ఫణి వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. ఆమె తల పైకెత్తి కారు కప్పు చూపించింది. అతను తల అడ్డంగా ఊపాడు. అమ్మ పూజ చేసి వేసిన దండ, వేసి గంట కాలేదు, ఎవరు తీస్తారు?

"మామయ్యగారూ, ఒక్కసారి ఆపుతారా?"

కారు సముద్రం పక్కన ఆగింది.

"ఏమైందమ్మాయ్? కళ్లు తిరుగుతున్నాయా?" సీతారత్నం గారు ఆశగా అడిగారు. కొత్త కోడలికి కళ్లు తిరిగితే అత్తగార్లకు వేరే లెక్కలుంటాయి.

"లేదత్తయ్యగారూ. దండ… రేడియోకి ఆకాశం కనబడటం లేదు."

"పండగపూట రేడియో లేకపోతే ఏం? రేపు విందాంలే."

"రేపు రాదండీ."

"వేసిన దండ తీస్తే అరిష్టం కదమ్మా," అన్నారు సూర్యనారాయణ గారు. కారు క్షేమం ఆయనకు ముఖ్యం.

పదకొండుకు ఇంకా మూడు నిమిషాలే ఉన్నాయి. నీరజ అత్తగారి చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యగారూ, నన్ను తిట్టండి, పడతాను. మీరు వంటింట్లో పాడుతుంటే మీకు తెలియకుండా టేపులో ఎక్కించి వాళ్లకు పంపాను. ఇప్పుడు పదకొండుకు అదే వస్తుంది. ఒక్కసారే వస్తుంది. మీ గొంతు మీరు వినాలని, అంతకంటే ఏమీ లేదండీ."

సీతారత్నం గారు కోడల్ని చూశారు, ఆ తరువాత భర్త వీపు చూశారు. తలుపు తీసుకుని దిగారు. కొంగు నడుముకు దోపారు.

"రత్నం! దండ తియ్యకూడదు," సూర్యనారాయణ గారు కారు తుడిచే గుడ్డ పట్టుకుని కంగారుగా దిగారు.

"తియ్యడం లేదండీ. మారుస్తున్నాను. దేవుడి పీట మీద పూలు సర్దుకోమా?" ఆమె వేళ్లు ముడులు విప్పుతూనే ఉన్నాయి. మూడు వరసలూ విప్పి, దండను తీసుకెళ్లి బానెట్ మీద నిండుగా పరిచారు. "ఇక్కడా కారే, అక్కడా కారే."

ఆకాశం! ఒక్కసారిగా మొత్తం ఆకాశం! నా తెర నీలంగా భగ్గుమంది.

"…విశాఖపట్నం నుంచి నీరజ గారు పంపిన చప్పుడు, మా అత్తయ్యగారి వంటిల్లు," అంటోంది అనౌన్సరు. తరువాత గ్రైండరు రొద. అది గుర్రుమని ఆగింది. ఆ నిశ్శబ్దంలోంచి ఒక గొంతు లేచింది. కాస్త జీర ఉన్న, తేనె కలిపిన అల్లంలాంటి గొంతు.

"కారుకు రోజూ స్నానం, కాఫీకే నేను జ్ఞాపకం,
తుడిచేది దాని అద్దం, నాతో మాత్రం యుద్ధం…"

సీతారత్నం గారు రెండు చేతులతో నోరు మూసుకున్నారు. ఆ పాట ఆకాశానికెక్కి, ఎన్నో ఊళ్ల మీద ఒకేసారి కురుస్తోంది. నా బతుకులో నేను ఎందరి పాటలో పాడాను. పాడినామె నా ఎదురుగా నిలబడి తనను తాను వినడం అదే మొదలు. నా దగ్గరున్న శక్తంతా పెట్టి పాడాను. బీచ్‌లో మరమరాలమ్మే ఆవిడ బుట్ట దించి వచ్చి నిలబడింది. ఎదురుగా స్కూటరాపుకున్న జంట పగలబడి నవ్వారు.

పాట అయిపోయింది. సూర్యనారాయణ గారి చేతిలో కారు తుడిచే గుడ్డ అలాగే ఉంది. అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"ఇదేంటే," అన్నారాయన ఎట్టకేలకు, "ఒక్క చరణమేనా? రెండోది లేదూ?"

"ఎందుకు లేదూ," అన్నారు సీతారత్నం గారు. పక్కన గ్రైండరు లేదు. ఎదురుగా జనం ఉన్నారు. అయినా గొంతు సవరించుకున్నారు.

"గీత పడితే గుండె దిగులు, గిన్నెలో కూర మాత్రం మిగులు…"

మరమరాలావిడ చప్పట్లు కొట్టింది. ఫణి ఈల వేశాడు. సూర్యనారాయణ గారు గుడ్డను డిక్కీలో పడేసి, వెళ్లి ముందు తలుపు తెరిచి పట్టుకున్నారు. "ఫణీ, వెనక్కి పో. రత్నం, ముందు కూర్చో." ఆమె కూర్చున్నారు. ఆ తరువాత ఆ సీటు ఇంకెవరిదీ కాలేదు.

ఏళ్లు గడిచాయి. నాతో మాట్లాడే కంపెనీ ఒకరోజు కొట్టు కట్టేసింది, నా ఛానళ్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. కారును అమ్మేశారు. అమ్మే ముందు సూర్యనారాయణ గారు మస్తాన్ గారిని పిలిచి, చెక్క పలకకు గీత పడకుండా నన్ను బయటికి తీయించారు. ఇప్పుడు నేను వంటింట్లో, గ్రైండరు పక్కన చెక్క బల్ల మీద ఉన్నాను. నీరజ కూతురు నా బటన్లు నొక్కి "అమ్మా, ఇది పలకదేం?" అని అడుగుతుంది. ఏటా దసరాకు నాకు బొట్టు పెడతారు, పూలు పెడతారు. యాంటెన్నాను మాత్రం ఖాళీగా, కిటికీ అంచున ఉంచుతారు. దాని మీద పువ్వు పెట్టబోయిన మనవరాలి చెయ్యి సీతారత్నం గారు ఆపుతారు. "అక్కడొద్దమ్మా. దానికి ఆకాశం కనబడాలి."

నిన్న పప్పు కడుగుతూ నా మీద కూడా ఒక చరణం కట్టారు.

"పలకని పెట్టెకు బొట్టెందుకంటే, పలికిన పూట మరిచేదెట్టా?"

హాల్లోంచి సూర్యనారాయణ గారు "ఇంకాస్త గట్టిగా!" అని అరిచారు. గ్రైండరు ఆపేసే ఉంది.