అరుంధతి ఎటుపక్క?

కరెంటు పోవడం కష్టమే. కానీ వీధిలో అందరికీ పోయి మనింట్లో మాత్రమే ఉండటం అంతకంటే కష్టం. ఊళ్ళో ఉన్న రెక్కల పురుగులన్నీ మనింటికే వస్తాయి. ట్యూబులైటు చుట్టూ ప్రదక్షిణాలు చేసి, ప్రసాదం కోసం దిగినట్టు సరాసరి పెరుగన్నంలో దిగుతాయి.

రామచంద్రపురంలో స్టీలు సామాన్ల కొట్టున్న నాగేశ్వరప్రసాద్‌కి ఆ వేసవిలో ఈ కష్టం వచ్చింది. వీధిలో మొట్టమొదటి ఇన్వర్టర్ కొన్నది ఆయనే. ఉక్కకి తట్టుకోలేక కొన్నారని భార్య అన్నపూర్ణమ్మ అనుకుంది, పాపం. అసలు సంగతి వేరు. సాయంత్రం ఏడింటికి వీధంతా చీకటైపోవాలి. తన ఫాను మాత్రం గిర్రున తిరగాలి. ఎదురింటి చంద్రరావు విసనకర్రతో వీపు గోక్కుంటూ ఇటు చూసి ఒక్క నిట్టూర్పు విడవాలి. ఆ నిట్టూర్పు కోసం కొన్నాడు.

చంద్రరావు నిట్టూర్చలేదు. బ్యాంకులో వీఆరెస్ తీసుకుని ఖాళీగా ఉన్న మనిషి. కరెంటు పోగానే చాప చంకన పెట్టుకుని డాబా ఎక్కి, వెల్లకిలా పడుకుని చుక్కలు చూడటం మొదలుపెట్టాడు. ముందు పక్కింటివాళ్ళు ఎక్కారు. వాళ్ళ వెనక మామిడికాయ ముక్కలూ ఉప్పూకారం ఎక్కాయి. ఇక వీధి వీధంతా ఎక్కేసింది.

ఆయనకి తెలిసింది కూడా బోడి నాలుగు ముక్కలు. "మిణుకు మిణుకుమంటే నక్షత్రం. అనకపోతే గ్రహం. కదిలితే వైజాగ్ విమానం" అనేవాడు. దానికే జనం "ఓహో" అని నోళ్ళు తెరిచేవారు. నాగేశ్వరప్రసాద్ ఫాను కింద ఒంటరిగా కూర్చుని ఆ "ఓహో"లన్నీ వింటూ, కంచంలోంచి పురుగులు ఏరుకునేవాడు. చంద్రరావు ఒక్క రూపాయి పెట్టుబడి పెట్టలేదు. ఆకాశం ఆయన తాతగారిదేం కాదు. కడుపు మండదూ మరి?

ఒకరోజు అన్నపూర్ణమ్మ కూడా ఎదురింటి డాబా ఎక్కింది. కరెంటొచ్చాక మొహం చేటంత చేసుకుని తిరిగొచ్చింది.

"ఏవండీ! అరుంధతి కనపడిందండీ!"

"ఏ అరుంధతి? తుని నుంచి వచ్చేదా?"

"నక్షత్రమండీ బాబూ. పెళ్ళిలో చూపిస్తారే, అదీ. చంద్రరావు అన్నయ్యగారు చూపించారు."

నాగేశ్వరప్రసాద్ చేతిలో అప్పడం చేతిలోనే ఉండిపోయింది. అరుంధతిని పెళ్ళానికి చూపించాల్సింది ఎవడు? మొగుడు. ఇరవై రెండేళ్ళ క్రితం తను చూపించాడు కూడానూ.

"పెళ్ళిలో నేను చూపించలేదూ? చూశానన్నావుగా!"

"మిట్టమధ్యాహ్నం చూపించారు. పంతులుగారు కొబ్బరిచెట్టు మీదకి వేలు పెట్టి అదిగో అన్నారు. మీరు కనపడిందన్నారు. మీకు కనపడ్డాక నాకు కనపడలేదంటే బాగుండదని నేనూ అన్నాను."

"మరిన్నాళ్ళూ చెప్పలేదేంటి?"

"మీరు అడగలేదుగా!"

ఆవిడ అన్నయ్యగారూ అని పిలిచిన మనిషిని అనుమానించడానికి వీల్లేదు. గోదావరి జిల్లాల్లో ఆ పిలుపుకున్న బలం అలాంటిది. కానీ కుళ్ళుకోవడానికి ఏ వరసా అడ్డు రాదు. నాగేశ్వరప్రసాద్ తెల్లార్లూ కుళ్ళుకున్నాడు.

మర్నాడు ఏడింటికి కరెంటు పోగానే తన డాబా మీద కొత్త ట్యూబులైటు వెలిగించాడు. వీధంతా పట్టపగలైంది. ఎదురు డాబా మీంచి గగ్గోలు.

"ప్రసాద్‌గారూ! ఆ లైటు తీసెయ్యండి, చుక్కలు కనపడట్లేదు!" అని చంద్రరావు.

"ఇన్వర్టరండి! మూడు గంటలు వస్తుందండి!"

"అదేనండి మా బాధ!"

చంద్రరావు భార్య మాణిక్యాంబ గొంతు కలిపింది. "తీసెయ్యండి అన్నయ్యగారూ! అరుంధతి కనపడనివాళ్ళు ఆర్నెల్ల కంటే బతకరంటారు. ఇంతమంది ఉసురు మీకెందుకూ?"

పక్కనే ఉన్న అన్నపూర్ణమ్మ ఎదురింటికి బయల్దేరింది. చాప చుట్టుకుని మెట్లవైపు నడిచింది. నాగేశ్వరప్రసాద్ పరుగున వెళ్ళి మెట్లకి అడ్డం నిలబడ్డాడు.

"ఆగు. నేనే చూపిస్తాను" అని స్విచ్చి కట్టేశాడు. వీధంతా చప్పట్లు కొట్టింది. ఇన్వర్టర్ కొన్నాక ఆయనకి దక్కిన మొదటి చప్పట్లవి, అదీ దాన్ని కట్టేసినందుకు.

ఇద్దరూ చాప మీద పడుకున్నారు. ముందు నాలుగే చుక్కలు కనపడ్డాయి. కాసేపటికి పది. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక, కొట్టు షట్టరు ఎత్తగానే గిన్నెలన్నీ ఒక్కసారి మెరిసినట్టు ఆకాశమంతా బయటపడింది. ఇంత సరుకు బయట పరిచి, దేవుడు ఒక్క కాపలావాణ్ణయినా పెట్టలేదేంటా అనుకున్నాడు. చల్లగాలి వీచింది. పురుగు ఒక్కటీ లేదు. చంద్రరావు అనేవాడొకడున్నాడని కూడా కాసేపు మర్చిపోయాడు.

"చూపిస్తానన్నారుగా" అంది అన్నపూర్ణమ్మ.

"అదిగో, ఎర్రగా."

"అది సెల్ టవరండీ."

ఆవిడ నవ్వి, ఆయన చూపుడువేలు పట్టుకుని ఉత్తరంవైపు తిప్పింది. "మా అమ్మమ్మ మంచంకోళ్ళు అనేది, సప్తర్షుల్లో ఆ నాలుగూ. వెనకాల మూడు చుక్కలున్నాయా? మధ్యది వశిష్ఠుడు. ఆయన్ని ఆనుకుని చిన్నగా అరుంధతి. కనపడిందా?"

నాగేశ్వరప్రసాద్ కళ్ళు చికిలించాడు. ఒక కన్ను మూశాడు. రెండోది మూశాడు. మధ్య చుక్క ఉంది. దాన్ని ఆనుకుని ఏమీ లేదు. వశిష్ఠులవారు ఒంటరిగా, పెళ్ళాం పక్కింటికి వెళ్ళిన మొగుడిలా ఉన్నాడు.

కనపడలేదంటే? ఆర్నెల్ల మాట ఈవిడ కూడా విన్నది. రేపటి నుంచి ఉపవాసాలు మొదలెడుతుంది. పైగా చంద్రరావుకి కనపడి తనకి కనపడకపోవడమా! ప్రాణం పోతే పోయింది, పరువో?

"కనపడింది" అన్నాడు, పెళ్ళిలో అన్నంత ధీమాగా.

అన్నపూర్ణమ్మ లేచి నిలబడి కేకేసింది. "వదినగారూ! మావారిక్కూడా కనపడిందండోయ్!"

ఎదురు డాబా మీంచి చంద్రరావు గొంతు చల్లగా వచ్చింది. "శుభం! వశిష్ఠుడికి ఎటుపక్కనుందండీ?"

"అదే... పక్కనే ఉందండి."

"ఎడమా, కుడా?"

వీధంతా చెవులు రిక్కించింది. అప్పుడే, నాగేశ్వరప్రసాద్ పుణ్యం బాగుండి, కరెంటొచ్చేసి చుక్కలు మరుగునపడ్డాయి. "సరే, రేపు మా డాబా మీదకి రండి. అందరికీ మీరే చూపిద్దురుగాని" అన్నాడు చంద్రరావు. "తప్పకుండా వస్తారు!" అని అన్నపూర్ణమ్మ మాటిచ్చేసింది.

అదండీ సంగతి. కళ్ళజోడు పెట్టించుకుందామంటే, ఇవాళ్టి అబద్ధంతోపాటు పెళ్ళినాటిది కూడా జోడులోంచి కనపడిపోతుంది. ఎడమ అంటే కుడి కావచ్చు, కుడి అంటే ఎడమ కావచ్చు. ఇన్వర్టర్ ఉన్న మనిషి జీవితంలో మొదటిసారి, రేపు కరెంటు పోకూడదని తలుపులమ్మ తల్లికి మొక్కుకున్నాడు. మన కరెంటు సంగతి ఆ తల్లికి మాత్రం తెలియదా?

బాబ్బాబూ, అమ్మా తల్లీ, ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా అరుంధతి నిజంగా కనపడి ఉంటే, అంటే పెళ్ళిలో కనపడినట్టు కాదు, నిజంగా కనపడి ఉంటే, ఎటుపక్కనుంటుందో ఒక్క ముక్క చెప్పి పుణ్యం కట్టుకోండి. కాస్త తొందరగా చెప్పండి. ఏడింటికల్లా పోతుంది కరెంటు.