అరటితొక్క లోపలి రంగు

రెండో మందునీళ్లలో వేసిన జుట్టును చెంగల్రాయుడు కర్రతో అడుగునుంచి పైకి నెమ్మదిగా తిప్పాడు. అమ్మోనియా ఘాటు కళ్లను తాకింది. ఆ ఘాటుకు ముఖం పక్కకు తిప్పుకోవడం అతను ఏనాడో మానేశాడు. టబ్బు పక్కన గొంతుక్కూచుని, ఒక పాయను రెండు వేళ్లతో ఎత్తి, నీళ్లు కారనిచ్చి, ఉత్తరం కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. కాసేపు చూశాడు. మళ్లీ నీళ్లలోకి వదిలేశాడు.

తిరుపతి నుంచి రేణిగుంటకు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న రేకుల షెడ్డు అది. కొండ మీద మొక్కు తీర్చుకున్నవాళ్ల జుట్టును యజమాని దేవరాజులు వేలంలో కొనుక్కొస్తాడు. వరండాలో ఆడవాళ్లు చిక్కు తీసి, పొడవును బట్టి కట్టలు కడతారు. లోపలి గదిలో చెంగల్రాయుడు ఆ నల్లజుట్టును బంగారురంగులోకి మారుస్తాడు. తాయమ్మ కడిగి ఆరేస్తుంది. అక్కణ్నించి అది మద్రాసుకు, మద్రాసు నుంచి ఓడ మీద విగ్గులు కట్టే దేశాలకు పోతుంది. పదకొండేళ్లుగా జరుగుతున్నది ఇదే.

నలుపు ఒక్కసారిగా పోదు. ముందు కాఫీరంగు వస్తుంది. తర్వాత ఇటుకరంగు. ఆ తర్వాత నారింజ. తొందరపడేవాడు అక్కడ ఆగిపోతాడు, నలుపు పోయింది కదా అని. దాని మీద నీలంరంగు పోస్తే బురదవుతుంది తప్ప బంగారం కాదు. నారింజను కూడా దాటనివ్వాలి. జుట్టు అరటితొక్క లోపలి రంగుకు వచ్చినప్పుడు ఎత్తి కడిగి, అప్పుడు చిటికెడు నీలం, దాని మీద ఒక చుక్క ఊదా. మిగిలిన ఎరుపు ఛాయను నీలం మింగుతుంది, పసుపును ఊదా తగ్గిస్తుంది. దాటేదాకా ఆగకపోతే ఎరుపు మిగులుతుంది. మరీ ఆగితే జుట్టు జిగురై తెగిపోతుంది. ఈ రెంటికీ మధ్య ఉండేది పావుగంట. చెంగల్రాయుడి ఉద్యోగమంతా ఆ పావుగంటలోనే ఉంది.

అతనిది నగరి. ముప్పై ఏళ్లు నూలుకు రంగు వేశాడు. పవర్లూములు వచ్చి, మిల్లులోనే రంగు వేసిన నూలు దిగడం మొదలయ్యాక అతని రంగు తొట్లు ఎండిపోయాయి. భార్య వసంతమ్మ కూడా ఆ ఏడాదే పోయింది. నలభై ఏడో ఏట ఇక్కడికి వచ్చినప్పుడు, నూలు తెలిసినవాడికి జుట్టు ఎంతలే అనుకున్నాడు. రెంటికీ ఒకటే తేడా కనిపించింది. నూలు చేతిలోకి వచ్చినప్పుడు అది ఏ చేలోదని ఆలోచన రాదు. జుట్టు అలా కాదు. ఎవరికో జ్వరం తగ్గింది, ఎవరికో బిడ్డ పుట్టింది, ఎవరో బావిలో నీళ్లు పడితే ఇస్తామన్నారు. అడిగింది దొరికినవాళ్లు ఇచ్చిన జుట్టు ఇది. దాని మీద చెయ్యి పెట్టిన ప్రతి ఉదయం, ఆ సంతోషాలు తనవి కాకపోయినా, అతనికి లోపల ఏదో సర్దుకున్నట్టు ఉండేది. ఇది ఎవరికీ చెప్పలేదు. అతను నెలకు నాలుగు మాటలు మాట్లాడతాడని వరండాలో నవ్వుకుంటారు.

ఎనిమిది నెలల కింద ఒక మధ్యాహ్నం హోటల్లో, "అన్నంలో పసుపెందుకు కలిపినారప్పా?" అని అడిగాడు. వడ్డించేవాడు ఆకులోకి చూసి, అతని మొహంలోకి చూసి, "యాడుండాదయ్యా పసుపు?" అన్నాడు. ఆ సాయంత్రం బస్టాండులో మల్లెపూల గంప నెయ్యిరంగులో కనిపించింది. కంటి డాక్టరు లైటు వేసి చూసి, రెండు కళ్లలోనూ పొర ముదురుతోందన్నాడు. లోకం మీద పలుచగా పసుపు పూసినట్టుంటుందని, ముదిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుందని చెప్పాడు.

చెంగల్రాయుడు ఆ మాట షెడ్డులో చెప్పలేదు. నారింజకూ పసుపుకూ తేడా తెలియనివాడికి టబ్బు దగ్గర పని ఏముంది? వేళ్లు ఉన్నాయి కదా, ముక్కు ఉంది కదా అనుకున్నాడు. గోరింటాకు పెట్టిన జుట్టు ఎంత నానబెట్టినా ఎరుపు వదలదు. అలాంటి కట్ట ఒక్కటి కలిసినా టబ్బులో వేసిన లాటంతా పాడవుతుంది. దాన్ని తడిపి వాసనతోనే గుర్తుపట్టి అతను పక్కన పడేస్తాడు, ఇప్పటికీ. ఈ ఎనిమిది నెలల్లో ఒక్క లాటూ వెనక్కి రాలేదు. అనుభవం కళ్లను మించిందని రాత్రుళ్లు తనకు తానే చెప్పుకుని నిద్రపోయేవాడు.

ఈ రోజు తాయమ్మ ఇంకా రాలేదు. పూతలపట్టులో తమ్ముడి బిడ్డకు పేరు పెడుతున్నారని నిన్న వెళ్లింది. లాటు మూడు గంటలకు మద్రాసు మనిషి చేతికి వెళ్లాలి.

వరండాలోంచి మునిలక్ష్మి తొంగి చూసింది. చిక్కు తీసే ఆడవాళ్లలో నోరు పెద్దది ఆమెదే.

"ఏందన్నా, టబ్బు కాడ జపం జేస్తా ఉండావా?"

"మందు పని జేస్తా ఉండాది."

"పని జేసి నిద్ర గూడా పోయుంటాది సూడు."

వరండాలో నవ్వులు లేచాయి. అతను పాయను మళ్లీ ఎత్తాడు. ఇందాకటిలాగే ఉంది. అయిదు నిమిషాలాగి ఎత్తినా అలాగే ఉంది. ఏదో జరగాల్సింది జరగలేదని అతనికి అనిపిస్తోంది. మందు సరిగానే కలిపాడు. వేళ్లకు జుట్టు జారుతున్న తీరు కూడా మామూలుగానే ఉంది. మరి రోజూ ఉండి ఈ రోజు లేనిదేమిటి?

తాయమ్మ గొంతు.

"నీళ్లు తోడేదా అన్నా?" అని రోజూ ఏదో ఒక క్షణాన ఆమె అడుగుతుంది. అతను "తోడు" అంటాడు. ఎత్తే వేళ అయిందని తానే నిర్ణయించినట్టు అంటాడు. ఒకసారి ఆమె అలా అడిగితే, "నీ తొందరేంది?" అని కసిరాడు. ఆమె బొక్కెన పట్టుకుని కదలకుండా నిలబడి, "కాళ్లు నొస్తా ఉండాయన్నా, ముగిచ్చేద్దాం" అంది. నీలం కలిపేటప్పుడు, "చాలన్నా, మళ్లీ కడగలేక నేను సావాల" అనేది. ఎనిమిది నెలలు. ప్రతి లాటుకూ. చెంగల్రాయుడు కర్రను టబ్బు అంచుకు ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. సిగ్గు వస్తుందని ఎదురుచూశాడు. వచ్చింది సిగ్గు కాదు. చిన్నప్పుడు తిరణాలలో నడుస్తూ నడుస్తూ నిద్రపోతే, కళ్లు తెరిచేసరికి నాయన భుజం మీద ఉన్నట్టు తెలిసిన క్షణం లాంటిదేదో వచ్చింది.

కానీ లాటు టబ్బులోనే ఉంది. మునిలక్ష్మిని పిలిచి రంగు అడిగితే సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. అడగకపోతే పదిహేను కిలోలు పాడవుతాయి. అంతమంది ఇచ్చిన జుట్టు. తన గుడ్డితనం దాచుకోవడానికి దాన్ని బురద చేయడం అతని వల్ల కాలేదు. ఎత్తేద్దామని లేచి బొక్కెన అందుకున్నాడు, వద్దనుకుని దించాడు. మునిలక్ష్మిని పిలవడానికే గుమ్మం వైపు తిరిగాడు.

గుమ్మంలో తాయమ్మ నిలబడి ఉంది. సంచి ఇంకా భుజానే ఉంది. చూపు మాత్రం టబ్బులో ఉంది.

"ఉండన్నా, బస్సు దిగి పరిగెత్తుకోనొచ్చినా. గుక్కెడు నీళ్లు తాగి వస్తా, అప్పుడు ఎత్తుదాం."

ఇంకా కాలేదన్నమాట. చెంగల్రాయుడికి నవ్వొచ్చింది.

"ఇప్పుడు ఏం రంగుండాది తాయమ్మా?"

ఆమె సంచి పట్టీ భుజం మీద సర్దుకుంది. "నన్నడగతావేందన్నా? సూసేది నువ్వు గదా."

"నేను సూసి ఎనిమిది నెలలాయె. నీకు తెలుసు."

తాయమ్మ సంచి దించి టబ్బు పక్కన కూచుంది. పాయలు పక్కకు తోసి అడుగు దాకా చూసింది. "పైన అరటితొక్క మాదిరి అయిపోయినాది. అడుగున రవంత ఎరుపుండాది. ఒకసారి తిప్పితే సరిపోతాది."

అతను తిప్పాడు.

"ఎప్పుడో చెప్పుండచ్చు గదా," అన్నాడు.

"చెప్తే నువ్వు మర్నాడు రావు. నువ్వు రాకుంటే నాతో మాట్లాడేదెవురు?"

"నేనేం మాట్లాడినా?"

"అదే లేన్నా. మిగతావోళ్లు మాట్లాడతారు. నువ్వు ఇంటావు."

రంగు కలిపేటప్పుడు ఆమె చూసింది, అతను పోశాడు. ఎంత నీటికి ఎంత నీలమో, ఊదా ఎందుకు చివరనే వేయాలో, పోసే చెయ్యి ఎందుకు ఆగకూడదో, ఉన్నదంతా బయటికి చెబుతూ పోశాడు. పదకొండేళ్లలో అంతసేపు మాట్లాడింది అదే మొదలు. వరండాలో చప్పుడు తగ్గింది.

నీడలో ఆరిన జుట్టును మద్రాసు మనిషి తను తెచ్చిన నమూనా పాయ పక్కన పెట్టి చూసి, మూటలు కట్టమన్నాడు. అతను వెళ్లాక చెంగల్రాయుడు దేవరాజులు బల్ల ముందుకు వెళ్లి నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

దేవరాజులు పెన్ను మూత పెట్టాడు. "ఎనిమిది నెలలుగానా? ఒక్క లాటూ రంగు తప్పలేదు గదప్పా."

"అది తాయమ్మ సూపు. రేపట్నించి టబ్బు కాడ ఆయమ్మను కూచోబెట్టు. కొలతలన్నీ చెప్పినాను."

"ఆడమనిషి మందు కలపడం యాడా సూళ్లేదే."

"ఎనిమిది నెల్లుగా సూస్తానే ఉండావు."

దేవరాజులు లోపలి గది వైపు చూశాడు. తర్వాత, "వేలూరుకు పోయి కండ్లు సూపిచ్చుకో," అన్నాడు. "ఆయమ్మ సంగతి సరే. కూచోమను."

నాలుగున్నరకు నగరి బస్సు. చెల్లెలు మునెమ్మ ఇంట్లో ఉండి వేలూరు వెళ్లాలి. పెరట్లో కుళాయి కింద చెంగల్రాయుడు చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాడు. జుట్టు ఆరేసే తీగ మీద వేరే లాటు పాయలన్నీ అతనికి ఒకటే రంగుగా ఊగుతున్నాయి. అవి ఒకటే రంగు కాదని ఇప్పుడు తెలుసు, చూసేవాళ్లు ఉన్నారని కూడా తెలుసు.

"మళ్లా వస్తావా అన్నా?" తాయమ్మ అడిగింది.

"సూపొస్తే వస్తా."

"రాకుంటే?"

అతను తల ఊపాడు. అవునో కాదో ఆమెకు అర్థం కాలేదు. రోడ్డు దాకా వెళ్తానంది, వద్దన్నాడు. గేటు దాటి, ఎర్రమట్టి దారిలో కుడిపక్కకు ఒరుగుతూ నడిచి వెళ్లిపోయాడు. కాసేపటికి బస్సు హారను వినిపించింది, ఆగింది, కదిలింది.

తాయమ్మ ఆరిన పాయలు తీయడానికి తీగ దగ్గరకు వెళ్లింది. తీగ చివర, అతను చేతులు తుడుచుకుని, తడిపి ఆరేసి మరిచిపోయిన తువ్వాలు చుక్క చుక్కగా నీళ్లు కారుస్తూ, ఎక్కడా మరక లేకుండా, తెల్లగా వేలాడుతోంది.