హద్దురాయి పెకిలించిన గునపం

నేను ఒక గునపాన్ని. ప్రస్తుతం పెరట్లో మూరెడు లోతున దిగి, మొన పైకెత్తి నిలబడి ఉన్నాను. కరుణమ్మ ఒక్కొక్క కొబ్బరికాయనే నా మొనకు పొడిచి, మెలితిప్పి, పీచు డొక్క ఊడదీస్తోంది. ఆమె పక్కన రెండు కుప్పలున్నాయి. చిన్న కుప్పలో కొన్ని కాయలకు మొలకలు కూడా వచ్చాయి. అయినా దాని జోలికి పోవడం లేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

విరిగిన ఎద్దుబండి ఇరుసును కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశారు. కొనుక్కున్నది కరుణమ్మ మామగారు యోనా. ఆయన చేతిలో గుడికి పునాది తవ్వాను, ఊళ్ళో చాలామందికి సమాధులు తవ్వాను. కొబ్బరితోటను ఇద్దరు కొడుకులకు పంచి, మధ్యన ఆయన హద్దురాయి పాతిన గొయ్యి కూడా నేను తవ్విందే. పంపకంలో పెద్దకొడుకు, కరుణమ్మ భర్త, జకరయ్యకు వచ్చాను. చిన్నకొడుకు పోయాక అతని వాటాను భార్య సలోమి చూసుకుంటోంది.

నిరుడు ఒక ఆదివారం జకరయ్య నన్ను భుజాన వేసుకుని తోటకు వెళ్ళాడు. హద్దురాయి పెకిలించి బారెడు అవతల పాతాడు. సలోమి చెట్టొకటి, గెలలు విరగగాసేది, ఇవతలికి వచ్చేసింది. ఎవరి కంటా పడకూడదని ఊరంతా ఆరాధనలో ఉన్న వేళ ఎంచుకున్నాడు. మనుషుల తెలివి అలా ఉంటుంది. అటూ ఇటూ పదిసార్లు చూశాడు గాని, పైకి ఒక్కసారీ చూడలేదు. చెమటకు రెండుసార్లు అతని చేతిలోంచి జారాను.

పిడుగేమీ పడలేదు. పడి ఉంటే బాగుండేదని అతనికే అనిపించి ఉంటుంది. గేదె మేత మానితే ఉలిక్కిపడేవాడు. సలోమి ఎదురైతే చెట్టు చాటుకు తప్పుకునేవాడు. నెల మొదటి ఆదివారం గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు చెయ్యి చాపడం మానేశాడు. పాపం చేసిన మొదటి ఇద్దరూ తోటలో చెట్ల చాటున దాక్కున్నారని, దేవుడు ముందుగా అడిగింది ‘ఎక్కడున్నావు’ అనేనని పాస్టరుగారు చెప్పిన రోజున అన్నం ముట్టలేదట.

ఇప్పుడు సలోమి వచ్చింది.

“అక్కా, మా కాయల దింపు ఇంకా అవ్వలేదు. పచ్చట్లోకి ఓ కాయిత్తావా?”

“ఒకటేంటే, ఆ చిన్న కుప్పంతా నీదే. నీ చెట్టు కాయలే. ఒక్కటి కూడా కూరలో ఎయ్యలేదు, మొలకలొచ్చేత్తన్నాయి కూడాను.”

అరుగు మీదున్న జకరయ్య దిగ్గున లేచాడు. “నీకెవరు చెప్పారే?”

“ఒకళ్ళు చెప్పాలా? రాయి జరిగిన ఆదివారం ఊరంతా గుళ్ళో ఉంటే మీ చోటొక్కటే ఖాళీ. ఎక్కడున్నాడమ్మా అని పాస్టరుగారు కూడా అడిగేరు.”

అతను సలోమి వైపు తిరిగాడు. “నీకూ తెలుసా? మరి అడగలేదేమ్మా?”

“దేవుడు అడుగుతానే ఉన్నాడు గదండీ బావగారండీ, బల్ల కాడ చూత్తానే ఉన్నాను. మజ్జిలో నేనెందుకని ఊరుకున్నానండి.” సలోమి నవ్వింది. “రాయి బరువైతే చెప్పండి, నేనూ ఓ చెయ్యేత్తాను.”

ఇంత గుట్టును మోస్తున్నది నేనొక్కదాన్నే అని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. ఊరంతా మోస్తోందన్నమాట.

జకరయ్య అరుగు దిగి వచ్చి, నా మొనకున్న కాయను తీసి సలోమి చేతిలో పెట్టాడు. నన్ను నేలలోంచి ఒక్క ఊపున పైకి లాగాడు. అరచెయ్యి పొడిగా ఉంది.

“సద్దన్నం తినెళ్ళండి,” అంది కరుణమ్మ. ఏడాదిగా నేను ఆ గొంతులో వినని మెత్తదనం అది.

అతను నన్ను భుజానికెత్తుకున్నాడు. అటూ ఇటూ చూడకుండా, తడిక తలుపు తీసుకుని తోటవైపు వెళ్ళిపోయాడు.